ఒక అవుట్ ఖరీదెంత? బేస్‌బాల్‌లో గణాంకాల కథ

బేస్‌బాల్‌లో బంట్ చాలా పాత ఎత్తుగడ. మొదటి బేస్‌లో రన్నర్ ఉన్నప్పుడు బ్యాటర్ బంతిని బలంగా కొట్టకుండా బ్యాటుకు మెల్లగా తగిలించి దగ్గర్లోనే పడేస్తాడు. ఫీల్డర్లు అతణ్ని అవుట్ చేసేలోగా రన్నర్ రెండో బేస్ చేరుకుంటాడు. అంటే ఒక అవుట్ ఇచ్చి ఒక బేస్ కొనుక్కోవడం. ఇన్నింగ్స్‌కు ఉండేవి మూడు అవుట్లే. ఈ బేరం గిట్టుబాటవుతుందా లేదా అన్నది చాలాకాలం మేనేజర్ల అనుభవానికే వదిలేశారు.

ఆటలో అంకెలకు ఎన్నడూ కొరత లేదు. 1850ల చివరికే న్యూయార్క్ పాత్రికేయుడు హెన్రీ చాడ్విక్ ఆట సారాంశాన్ని అంకెల పట్టికలో చూపే బాక్స్ స్కోరు పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. 1947లో బ్రూక్లిన్ డాడ్జర్స్ అధ్యక్షుడు బ్రాంచ్ రికీ గణాంకాల కోసమే అలన్ రాత్‌ను ఉద్యోగంలో పెట్టుకున్నాడు. అయితే ఈ అంకెలు ఎక్కువగా ఆటగాళ్ల ప్రతిభను కొలిచాయి కానీ మేనేజర్ల నిర్ణయాలను కాదు.

ఆ పని చేసినవాడు కెనడా రక్షణశాఖ పరిశోధకుడు జార్జ్ లిండ్సే. ఆయన తండ్రి వందలాది ఆటలను వరసగా నమోదు చేసి ఇచ్చారు. వాటి ఆధారంగా, ఏ బేస్‌లో రన్నర్ ఉండి ఎన్ని అవుట్లు పడితే ఆ ఇన్నింగ్స్‌లో ఇంకా సగటున ఎన్ని పరుగులు వస్తాయో లిండ్సే పట్టిక కట్టి 1963లో ప్రచురించాడు. అవుట్లు లేకుండా మొదటి బేస్‌లో రన్నర్ ఉంటే 0.813 పరుగులు. బంట్ ఫలించి, ఒక అవుట్‌తో రన్నర్ రెండో బేస్‌కు చేరితే 0.671. ఎత్తుగడ పారినా జట్టుకు నష్టమే!

బేస్ దొంగిలించడాన్నీ, అంటే బ్యాటర్ బంతిని కొట్టకుండానే రన్నర్ తర్వాతి బేస్‌కు పరుగెత్తడాన్నీ, ఇదే పట్టికతో తూచవచ్చు. అవుట్లు లేనప్పుడు మొదటి బేస్ రన్నర్ రెండో బేస్‌ను దొంగిలిస్తే ఆ సగటు 1.194కు పెరుగుతుంది. దొరికిపోతే 0.243కు పడిపోతుంది. కాబట్టి పది ప్రయత్నాల్లో కనీసం ఆరు నెగ్గితేనే పెట్టుబడి తిరిగొస్తుంది.

జట్లు ఈ లెక్కలను వెంటనే పట్టించుకోలేదు. 1977లో కాన్సస్‌కు చెందిన బిల్ జేమ్స్ సొంతంగా వార్షిక సంచికలు అచ్చువేయడం మొదలుపెట్టి వీటిని అభిమానుల్లోకి తీసుకెళ్లాడు. ఈ విద్యకు సేబర్‌మెట్రిక్స్ అని పేరు పెట్టిందీ ఆయనే. 1989లో మొదలైన రెట్రోషీట్ పాత ఆటల వివరాలను ఘట్టాల వారీగా సేకరించి అందరికీ అందుబాటులో ఉంచింది. 2002లో ఇలాంటి లెక్కలను నమ్ముకుని, తక్కువ జీతాల బిల్లుతోనే ఓక్లాండ్ జట్టు 103 ఆటలు గెలిచింది. మరుసటి ఏడాది మైకేల్ లూయిస్ రాసిన ‘మనీబాల్’ ఆ కథను లోకానికి చెప్పింది. ఆ తర్వాత దాదాపు ప్రతి జట్టూ విశ్లేషకులను నియమించుకుంది, బంట్లు బాగా తగ్గాయి.

అలాగని బంట్ పూర్తిగా పనికిమాలినదని తేలలేదు. పట్టిక చెప్పేది సగటు మాత్రమే. బ్యాటర్ మరీ బలహీనుడైనా, ఆఖరి ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగే చాలనుకున్నా లెక్క మారుతుంది. ఎక్కువ పరుగులు కావాలా, ఒక్క పరుగు ఖాయం కావాలా అన్నది ముందు తేల్చుకున్నాకే గణాంకం సరైన జవాబిస్తుంది.