900కె బస్సు, భీమిలి దారి, కొంచెం చరిత్ర

మాది విశాఖపట్నం, ఉద్యోగం బెంగుళూరులో. నాకిప్పుడు ఇరవయ్యెనిమిదేళ్ళు. అందులో ఇరవై రెండేళ్ళు ఆ ఊళ్ళోనే పెరిగి, భీమిలి దారిని సరిగ్గా చూసింది మొన్న సంక్రాంతి సెలవుల్లో అంటే నాకే సిగ్గుగా ఉంది. వెళ్ళలేదని కాదు. ఇంజనీరింగులో బైకుల మీద, ఉద్యోగం వచ్చాక స్నేహితుడి కారులో, తక్కువలో తక్కువ పాతికసార్లు వెళ్ళుంటాను. ఋషికొండ దగ్గర ఫొటోలు, దారిలో కాల్చిన మొక్కజొన్న పొత్తు, భీమిలిలో ఓ టీ, వెనక్కి. అంతే!

మొన్న కూడా అలాగే వెళ్ళొచ్చి తాతయ్యకి ఫోన్లో ఫొటోలు చూపిస్తున్నా. తాతయ్యది భీమిలి దగ్గర పల్లె. ముప్పయ్యేళ్ళు జూట్ మిల్లులో పనిచేశాడు. ఫొటోలన్నీ ఓపిగ్గా చూసి "సంద్రం బాగుంది గానీ, ఏటి చూసొచ్చావురా?" అన్నాడు. నేను నీళ్ళు నమిలాను. "కారులో ఎల్తే రోడ్డే కనబడతాది. రేపు బస్సుకెల్దాం, నేనూ వస్తాను" అన్నాడు. మనిషికి ఎనభై దాటాయి. అమ్మ వద్దంటే వద్దని గోల పెట్టింది. ఆఖరికి ఆయన్ని చూసుకోడానికి తనూ బయల్దేరింది.

సాగరతీరం వెంబడి భీమిలి వెళ్ళే సిటీ బస్సు 900కె. 999 కూడా భీమిలే గానీ, అది ఆనందపురం మీదుగా, లోపల్నుంచి తిరిగి వెళ్తుంది. సముద్రం కావాలంటే 900కె ఎక్కాలి. అమ్మ ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్టు తీసుకుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్ లో ఆడవాళ్ళకి సిటీ బస్సులు, పల్లెవెలుగులు ఉచితం కదా. "ఇన్నేళ్ళలో ఊరికే చూడ్డానికని నేను బస్సెక్కడం ఇదే మొదటిసారి" అంది. ఆస్పత్రికో, పెళ్ళికో, బంధువుల ఇంటికో తప్ప తనెప్పుడూ బస్సెక్కలేదట. నేనెప్పుడూ ఆ సంగతి ఆలోచించనే లేదు.

ముందు బస్సు గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో ముఖ్యపాత్ర అదే. 1932లో నిజాం రైల్వే వాళ్ళు 27 బస్సులతో మొదలుపెట్టిన రోడ్డు రవాణా శాఖే మన ఆర్టీసీకి మూలం. 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ ఏర్పడింది. కోస్తాలో అప్పటికి ప్రైవేటు బస్సులదే రాజ్యం. కృష్ణా జిల్లా రూట్లను ప్రభుత్వం తీసుకోబోతే బస్సుల యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1958లో వచ్చిన గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసు తీర్పు అదే. అభ్యంతరాలు విన్నది కార్యదర్శి, నిర్ణయం తీసుకున్నది మంత్రి. అలా కుదరదు, విన్నవాడే తేల్చాలి అని కోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. తర్వాత పద్ధతి సరిచేసుకుని రూట్లు తీసుకున్నారనుకోండి. న్యాయశాస్త్రం చదివే పిల్లలు దేశమంతటా ఈ మన బస్సుల కేసుని ఇప్పటికీ చదువుతారు. 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వ ఉద్యోగులయ్యారు.

కోర్టుల సంగతి తాతయ్యకి తెలీదు. ఆయన చెప్పింది ఒకటే: "అప్పట్లో జనం నిండితేగానీ బస్సు కదిలీది కాదు. తరవాత టైముకి కదిలీది." నా దృష్టిలో తేడా అంతా ఇక్కడే ఉంది. మనమొక్కళ్ళమే ఎక్కినా బస్సు బయల్దేరుతుందన్న నమ్మకం ఉంటేనే నడిచేవాడు ఊరు దాటి వెళ్తాడు. ఇంకో లాభం కూడా ఉంది. కారులో వెళ్తే ఎంత దూరం నడిచినా మళ్ళీ కారు దగ్గరికే రావాలి. బస్సులో వెళ్తే ఒక చోట దిగి, తీరం వెంట నడిచి, ఇంకో చోట ఎక్కేయొచ్చు. నడకకి ఒక మొదలూ చివరా ఉంటాయి. ఇంత చిన్న విషయం నాకు ఇన్నేళ్ళూ తట్టలేదు.

మొదట దిగింది తొట్లకొండ దగ్గర. నగరం నుంచి పదిహేను పదహారు కిలోమీటర్లుంటుంది. తాతయ్య ఎక్కలేనన్నాడు. ఆయన్నీ అమ్మనీ కింద టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టి నేనొక్కణ్ణే ఎక్కాను. సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తు, పెద్ద కొండేం కాదు. కుర్చీకి అతుక్కుపోయిన నాబోటి వాడికి మాత్రం సగంలోనే ఆయాసం వచ్చింది :)

ఈ కొండ మీద బౌద్ధారామం ఉందన్న సంగతి బయటపడిన తీరు తమాషాగా ఉంటుంది. నౌకాదళం వాళ్ళు స్థావరం కోసం విమానం మీంచి సర్వే చేస్తూ చూశారు. 1988లో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు మొదలుపెట్టింది. స్తూపాలు, విహారాల గదులు, స్తంభాల మండపం, భోజనశాల, బ్రాహ్మీ శాసనాలు దొరికాయి. శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి! సుమారు రెండువేల ఏళ్ళ కిందట ఇక్కడ భిక్షువులుండేవారు. రాతిని తొలిచి వాన నీళ్ళు పట్టుకునే తొట్లు కట్టుకున్నారు. ఊళ్ళోవాళ్ళు ఆ తొట్లని చూసే కొండకి పేరు పెట్టారు. దగ్గర్లోనే బావికొండ, భీమిలిలో పావురాలకొండ, అన్నీ ఇదే కాలపువి, అన్నీ సముద్రం కనిపించే కొండలే.

భిక్షువులు ఏడాదిలో ఎక్కువ భాగం నడుస్తూ ఉండాలి, వానాకాలం మాత్రం ఒకచోట ఆగాలి. అందుకే నీటి తొట్లు, అందుకే చిన్న చిన్న గదులు. పోషించింది ఓడల మీద వ్యాపారం చేసేవాళ్ళు అంటారు, రోమన్ నాణేలు ఆ మాటకి బలమిస్తాయి. అంటే ఈ తీరాన మనకి తెలిసిన మొదటి నడకదార్లు అటు వర్తకులవీ, ఇటు సన్యాసులవీ. వర్తకం తగ్గింది, ఆరామాలు ఖాళీ అయ్యాయి. పైనుంచి చూస్తే మన రోడ్డు నల్ల తాడులా ఉంది, దాని మీద ఎర్రటి చుక్కలా ఒక బస్సు. గబగబా దిగిపోయాను, కింద పెద్దాయన్ని ఎండలో కూర్చోబెట్టాను కదా!

రెండోసారి దిగింది ఎర్రమట్టి దిబ్బల దగ్గర. భీమిలికి నాలుగైదు కిలోమీటర్ల ముందు వస్తాయి. తెలుగు సినిమా పాటల్లో మీరంతా చూసే ఉంటారు. ఇది మనుషుల చరిత్ర కన్నా పాతది. మంచుయుగంలో నీళ్ళు ధ్రువాల దగ్గర గడ్డకట్టి సముద్రమట్టం వంద మీటర్లకి పైగా దిగిపోయినప్పుడు తీరం చాలా దూరం వెనక్కి వెళ్ళింది. బయటపడిన ఇసకని గాలి ఎగరేసి ఇక్కడ పోగేసింది. ఇసక రేణువుల మీద ఇనుము తుప్పు పట్టి ఎర్రబడింది. తర్వాత వానలు కోసి కోసి లోయల్లా చేశాయి. ఇలాంటివి దక్షిణాసియాలో ఇంకా తమిళనాడులోనూ శ్రీలంకలోనూ మాత్రమే ఉన్నాయంటారు. 2014లో జియలాజికల్ సర్వే దీన్ని జాతీయ భూవారసత్వ సంపదగా గుర్తించింది. 2025 సెప్టెంబరులో యునెస్కో తాత్కాలిక జాబితాలోకీ ఎక్కింది.

ఆ రెండు తేదీల మధ్యలో ఇంకో తేదీ ఉంది. 2024 జూలైలో ఇళ్ళ స్థలాల కోసం ఈ దిబ్బల్లో యంత్రాలతో తవ్వుతున్నారని పేపర్లలో వచ్చింది, గొడవయ్యాక పనులు ఆగాయి. వేల ఏళ్ళు పట్టి తయారైన దాన్ని చదును చెయ్యడానికి ప్రొక్లెయినరుకి వారం చాలు. మా కోడ్ లా దీనికి బ్యాకప్ లేదు. అలాగని నేను పత్తిత్తునా అంటే అదీ కాదు. కాలేజీ రోజుల్లో ఆ దిబ్బల అంచుల మీంచి జారుతూ ఆడుకున్నవాళ్ళలో నేనూ ఉన్నా. ఒక్కో జారుడుకీ ఎంత మట్టి రాలిందో అప్పుడు చూసుకోలేదు. ఈసారి జనం నడిచి గట్టిపడిన బాట మీదే వెళ్ళాను. తాతయ్య అంచుకి రాకుండా దూరంగా నిలబడి "మా చిన్నప్పుడు ఇంకా ఉండేవిరా" అన్నాడు, అంతే.

మధ్యాహ్నానికి భీమిలి చేరాం. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా వచ్చే నది ఇదే. డచ్చి వాళ్ళు పదిహేడో శతాబ్దంలో ఇక్కడ స్థిరపడ్డారు. మన నేతబట్టలు కొని, తూర్పు దీవులకి తీసుకెళ్ళి, వాటితో మసాలా దినుసులు కొనేవారు. 1824 ఒప్పందంతో డచ్చి వాళ్ళు ఇండియాలో తమ స్థావరాలన్నీ ఇంగ్లీషువాళ్ళకి ఇచ్చేశారు, మరుసటేడు ఊరు చేతులు మారింది. మిగిలింది వాళ్ళ సమాధులు. సముద్రం పక్కనే, రాళ్ళ మీద డచ్చి అక్షరాలతో, గోపురాల్లా నిలబడి ఉన్నాయి.

ఇంగ్లీషువాళ్ళ కాలంలో భీమిలి పెద్ద రేవు. 1861లోనే మునిసిపాలిటీ అయింది. ఇక్కడి నుంచి వెళ్ళే గోగునారకి ప్రపంచ మార్కెట్లో 'బిమ్లీపటం జూట్' అని పేరు. మనం గోంగూర పచ్చడి చేసుకునేది ఆ గోగు జాతి ఆకులతోనే. తోళ్ళు ఊనడానికి వాడే కరక్కాయల్లో జబల్పూరు రకం 'జబ్లీస్' అయితే మన రకం 'బిమ్లీస్'. ఎక్కడో ఇంగ్లండులో తోళ్ళ వ్యాపారికి భీమిలి పేరు రోజువారీ మాట!

అయితే ఇక్కడ ఓడ ఒడ్డుకి రాలేదు. దూరంగా లంగరేసి ఉంటే, మసూలా పడవల్లో సరుకు మొయ్యాలి. ఈ పడవలకి మేకులుండవు, చెక్కల్ని కొబ్బరి తాడుతో కుడతారు. అలలు కొట్టినప్పుడు పడవ విరగకుండా సాగి తట్టుకుంటుంది. మద్రాసు - కలకత్తా రైలు లోపల విజయనగరం మీదుగా వెళ్ళిపోయింది, భీమిలికి రాలేదు. 1933లో విశాఖ హార్బరు తెరిచారు. ఓడ గోడకి ఆనుకుని నిలబడే రేవు పక్కనే ఉంటే పడవల్లో మోసే రేవుకి ఎవరొస్తారు? క్రమంగా భీమిలి సద్దుమణిగింది. 2013లో మునిసిపాలిటీ కూడా విశాఖ నగరపాలక సంస్థలో కలిసిపోయింది.

తాతయ్య నన్ను లైట్ హౌసు దాటించి ఇసకలోకి తీసుకెళ్ళి ఒకచోట ఆగాడు. "మా నాన్న ఇక్కడే పడవలకి మోసీవోడు. గోగునార బేళ్ళు" అన్నాడు. నేను మొదటిసారి వింటున్నా. "మరెప్పుడూ చెప్పలేదేం తాతయ్యా?" అంటే "నువ్వెప్పుడడిగావు?" అన్నాడు. ముత్తాత పేరు అడిగాను. చెప్పాడు. ఇంటిపేరూ, ఆ పేరూ ఫోన్లో రాసుకున్నాను. వెనక డచ్చి వాళ్ళ సమాధుల మీద పేర్లూ తేదీలూ చెక్కి ఉన్నాయి. ఆ సరుకంతా మోసినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. కనీసం మా ఒక్కడి పేరైనా ఆ రోజు రాతలోకి వచ్చింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సముద్రం వైపు చూస్తూ ఉండిపోయింది.

తిరుగు బస్సులో చేపల బుట్టలతో ఇద్దరు ఆడవాళ్ళు ఎక్కారు. వాళ్ళకీ జీరో టికెట్టే. ఈ తీరం వెంట రిసార్టులు, గోడలు, గేట్లు ఏటేటా పెరుగుతున్నాయి. కారున్నవాడికి ఏదో ఒక గేటు తెరుస్తారు. బస్సులో వచ్చేవాడికి కావలసింది గేటు కాదు, రోడ్డుకీ సముద్రానికీ మధ్య నడిచే దారి. సన్యాసులకీ, మోతగాళ్ళకీ, చేపల వాళ్ళకీ ఇన్నాళ్ళూ ఉన్న దారి అది. అది మూసుకుపోతే చరిత్ర పుస్తకంలో ఉంటుందేమో గానీ, చూపించడానికి తాతయ్యకి చోటుండదు.

మీరూ వెళ్ళాలనుకుంటే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. పొద్దున్నే బయల్దేరండి, టోపీ, రెండు సీసాల నీళ్ళు పట్టుకెళ్ళండి. భీమిలి దగ్గర అలల్లోకి దిగొద్దు. దిబ్బల అంచులెక్కొద్దు. ఆఖరి బస్సు ఎప్పుడో దిగేటప్పుడే కండక్టరుని అడిగి ఉంచుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళనీ తీసుకెళ్ళండి, కొండెక్కలేకపోయినా ఫరవాలేదు. మా తాతయ్య తిరుగు దారంతా నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. ఆర్టీసీ కాంప్లెక్సులో లేపితే మొదట అడిగింది "పావురాలకొండకి ఎప్పుడెల్దాం?" అని. మార్చిలో సెలవు పెట్టాను.