ప్రయోగమునకు ముందు ప్రశ్న: జంతుప్రయోగ నీతిసంఘముల పుట్టుపూర్వోత్తరాలు

హైదరాబాదు నిజాము మీర్ మహబూబ్ అలీఖాను పందొమ్మిదవ శతాబ్ది చివర ఒక వైద్యవివాదమునకు పోషకుడయ్యెను. క్లోరోఫారము పీల్చిన రోగి మరణించుట ముందుగా గుండె యాగుటచేతనా, ఊపిరి యాగుటచేతనా యను శంక తెగకుండగా, హైదరాబాదు వైద్యపాఠశాలకు పెద్దయైన ఎడ్వర్డ్ లారీ 1888లో కుక్కలపై పరీక్షలు జరిపించి, ఊపిరియే ముందాగునని తేల్చెను. లండనులోని లాన్సెట్ పత్రిక నమ్మలేదు. అంతట నిజాము వేయి పౌనులిచ్చి లాడర్ బ్రంటన్ అను వైద్యుని 1889లో ఇచటికి రప్పించెను.

కుక్కలు, కోతులు, గుఱ్ఱములు, మేకలు, పిల్లులు, కుందేళ్లు కలిసి నాలుగువందలకు పైబడిన ప్రాణులకు మత్తిచ్చిరి. కొన్నింటి రక్తనాళమునకు గొట్టము తగిలింపగా, రక్తపుపోటు తిరిగెడి కాగితముపై గీతయై సాగి, క్రమముగా కిందికి జారి, సమసిపోయెడిది. బ్రంటన్ సైతము లారీ మాటనే బలపఱచెను. కాని 1911లో గుడ్‌మన్ లెవీ అను పరిశోధకుడు, మత్తు తేలికగా నున్నప్పుడే గుండె లయ దప్పి ప్రాణము పోవచ్చునని పిల్లులయందు నిరూపించెను. ఇంగ్లండులో 1876 నుండి ఇట్టి ప్రయోగములకు అనుమతిపత్రము కావలసియుండగా, ఆ శాసనము నిజాము రాజ్యమునకు వర్తింపలేదు. ఇన్ని ప్రాణు లేల యని ముందుగా అడుగవలసిన సంఘ మేదియు అప్పుడు ఇచట లేకుండెను.

స్వతంత్రభారతమున రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో ప్రవేశపెట్టిన బిల్లు ప్రేరణగా, 1960లో జంతుహింసా నివారణ చట్టము వెలసెను. పుస్తకములతో, నమూనాలతో నేర్పగలిగినచోట ప్రయోగము మానవలెననియు, చిన్న ప్రాణితో పని జరుగునెడ పెద్దదానిని తాకరాదనియు, కేవలము చేతినేర్పుకొఱకు ప్రయోగము కూడదనియు అది విధించెను. ఆ చట్టము క్రింద జంతుప్రయోగములను పర్యవేక్షించు కేంద్రసంఘము 1964లో ఏర్పడినను, ప్రతి సంస్థకును నీతిసంఘమను పద్ధతి కుదురుకొన్నది 1998 నాటి నియమములతోడనే.

ఆ సంఘమున సభ్యులు ఎనమండుగురు: జీవశాస్త్రజ్ఞుడొకరు, వేఱు శాఖల శాస్త్రజ్ఞులిద్దఱు, పశువైద్యుడు, జంతుశాల అధికారి, వెలుపలి శాస్త్రజ్ఞుడు, శాస్త్రముతో పనిలేని సామాజికుడు, కేంద్రసంఘ ప్రతినిధి. పరిశోధకుడు వారికి సమర్పించు ‘ఫారం బి’లో ఏ జాతి, ఎన్ని, ఎందుకన్ని, మత్తు ఏది, నొప్పి తగ్గించు మార్గమేది, పని ముగిసిన పిదప ఆ ప్రాణి గతి యేమి యను ప్రశ్నలకు ఒక్కొక్కదానికిని జవాబు వ్రాయవలెను. ఎలుకలవంటి చిన్న ప్రాణులపై పనికి సంస్థాసంఘమే అనుమతి నీయగలదు; పెద్ద జంతువులైనచో కేంద్రసంఘమునకే పంపవలెను.

ఎనమండుగురిలో ఐదుగురు సాధారణముగా ఆ సంస్థవారే. పొరుగువారి ప్రయోగమును నేడు తాము ప్రశ్నించినచో రేపు తమ ప్రయోగమును వారు ప్రశ్నింతురను మొగమాటము వారికి సహజము. కావున ఈ వ్యవస్థ బలము ఫారములలో కాక, వెలుపలినుండి వచ్చిన ఆ ముగ్గురి నిర్మొగమాటములో నున్నది. వారు సంతకమునకే పరిమితులైననాడు 1876 నాటి అనుమతిపత్రమునకును దీనికిని భేదముండదు.