నియంత్రిత పోటీ (ఆరోగ్య బీమా)

ప్రైవేటు బీమా సంస్థలు ప్రభుత్వం గీసిన గిరిలో ఉండి, ఖాతాదారుల కోసం ఒకదానితో ఒకటి పోటీపడే ఆరోగ్య బీమా పద్ధతిని నియంత్రిత పోటీ అంటారు. మేనేజ్డ్ కాంపిటీషన్ అన్న పేరే ఎక్కువ వాడుకలో ఉంది. అందరికీ బీమా ఉండాలి గానీ దాన్ని ప్రభుత్వమే నడపక్కర్లేదు అనేవారి ప్రతిపాదనల్లో చట్టాల దాకా వెళ్లినవి చాలావరకు ఈ కోవలోవే. ఆలోచన అమెరికాలో రూపుదిద్దుకుంది. నిండుగా అమలైంది మాత్రం నెదర్లాండ్స్‌లో.

నేపథ్యం

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ప్రభుత్వం జీతాల పెంపును కట్టడి చేసింది. పనివాళ్లను నిలుపుకోవడానికి యజమానులు జీతానికి బదులు వైద్య బీమా ఇవ్వసాగారు. యజమాని కట్టే ప్రీమియం ఉద్యోగి ఆదాయం కిందికి రాదని 1954 నాటి పన్ను చట్టం ఖాయం చేసింది. బీమా ఎంత ఖరీదైనదైతే మినహాయింపు అంత ఎక్కువ. పెద్ద జీతగాడికి పెద్ద లాభం, ఉద్యోగం లేనివాడికి సున్న. తర్వాత వచ్చిన మార్కెట్ ప్రతిపాదనలు చాలావరకు ఈ మినహాయింపునే వేలెత్తి చూపాయి. దాన్ని పూర్తిగా కదిలించడం ఇంతవరకు ఎవరి వల్లా కాలేదు.

ఎంతోవెన్ పథకం

రక్షణ మంత్రి రాబర్ట్ మెక్‌నమారా హయాంలో పెంటగాన్‌లో పనిచేసి, తర్వాత స్టాన్‌ఫోర్డ్‌లో ఆచార్యుడైన ఆర్థికవేత్త అలెన్ ఎంతోవెన్ 1977లో కార్టర్ ప్రభుత్వానికి ఒక పథకం రాసిచ్చాడు. దానికి నమూనా అప్పటికే కళ్లెదుట ఉంది: కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు ఏటా పలు బీమా పథకాల్లోంచి తమకు నచ్చినది ఎంచుకునే ఏర్పాటు 1960 నుంచీ నడుస్తోంది. కార్టర్ ప్రభుత్వం పథకాన్ని పక్కన పెట్టింది. మరుసటి ఏడాది ఎంతోవెన్ దాన్ని న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించాడు.

బీమా వ్యాపారంలో లాభానికి దగ్గరి దారి వైద్యాన్ని చవగ్గా చేయించడం కాదు, జబ్బుపడేవాళ్లను చేర్చుకోకపోవడం. ఎంతోవెన్ నియమాలన్నీ ఈ దారిని మూసేయడానికే. అడిగినవారినల్లా చేర్చుకోవాలి. రోగి అని ప్రీమియం పెంచకూడదు. కనీస చికిత్సల జాబితా అన్ని సంస్థలకూ ఒకటే ఉండాలి, లేకపోతే కొనేవాడు ధరలు పోల్చుకోలేడు. ప్రీమియం కట్టడానికి ఇచ్చే సాయం స్థిరమైన మొత్తంగా అందాలి, అంతకంటే ఖరీదైనది కావాలనుకున్నవాడు తేడా తన జేబులోంచి కట్టుకోవాలి. రోగులు ఎక్కువగా చేరిన సంస్థకు, ఆరోగ్యవంతులు ఎక్కువగా ఉన్న సంస్థ నుంచి సొమ్ము సర్దుబాటు కావాలి. ఈ చివరిదే అన్నిటికంటే చిక్కు. ఎవరికి ఎంత జబ్బు చేస్తుందో ముందే లెక్కగట్టడం గణాంక నిపుణులకు ఇప్పటికీ తేలని పని. ఇన్ని కట్టుబాట్లున్నదాన్ని మార్కెట్ అనొచ్చా అని వామపక్షీయులూ, స్వేచ్ఛా వ్యాపారవాదులూ కూడా అడిగారు. అడగదగ్గ ప్రశ్నే.

క్లింటన్ నుంచి ఒబామా వరకు

1990ల మొదట్లో వయోమింగ్ రాష్ట్రంలోని జాక్సన్ హోల్‌లో, వైద్యుడు పాల్ ఎల్‌వుడ్ ఇంట సమావేశమైన బృందం ఈ ఆలోచనకు మెరుగులు దిద్దింది. 1993లో బిల్ క్లింటన్ దాన్ని అందుకున్నాడు. అయితే 1,342 పేజీల ఆయన బిల్లులో ప్రీమియంలపై ప్రభుత్వ పరిమితి కూడా చేరింది. ఎంతోవెన్ స్వయంగా దాన్ని వ్యతిరేకించాడు. బీమా సంస్థల సంఘం టీవీ ప్రకటనలతో విరుచుకుపడింది. 1994 సెప్టెంబరుకల్లా బిల్లు కథ ముగిసింది.

అందరూ బీమా కొనితీరాలనే నిబంధన ప్రయాణం ఇంకా విచిత్రం. 1989లో దాన్ని ప్రతిపాదించింది కన్జర్వేటివ్ మేధోసంస్థ హెరిటేజ్ ఫౌండేషన్. 1993లో రిపబ్లికన్ సెనేటర్ జాన్ చేఫీ దాన్ని బిల్లులో పెట్టాడు. 2006లో మసాచుసెట్స్‌లో రిపబ్లికన్ గవర్నర్ మిట్ రామ్నీ అమలుకు తెచ్చాడు. 2010లో అదే నిబంధన ఒబామా చట్టంలోకి వచ్చేసరికి తుది ఓటింగులో ఒక్క రిపబ్లికన్ కూడా మద్దతివ్వలేదు. 2012లో సుప్రీంకోర్టు 5–4తో దాన్ని పన్నుగా భావించి నిలబెట్టింది. 2017 నాటి పన్ను చట్టం బీమా కొననివారిపై వేసే జరిమానాను సున్న చేసింది, అది 2019 నుంచి వర్తించింది. నిబంధన కోరలు ఊడినా, ఒబామా చట్టం తెచ్చిన బీమా విపణి నడుస్తూనే ఉంది. ఉద్యోగం పోయిన, లేదా సొంత వ్యాపారం పెట్టుకున్న అమెరికా తెలుగు కుటుంబాలు నవంబరులో ప్లాన్లు పోల్చుకునేది అక్కడే.

మార్కెట్ ప్రతిపాదనల్లో ఇదే కాలంలో సాగిన మరో పాయ, వైద్య ఖర్చుల కోసం దాచుకునే పొదుపు ఖాతాలది. సింగపూర్ 1984లో మెడిసేవ్ మొదలుపెట్టింది. అమెరికా 2003 చట్టంతో ఆరోగ్య పొదుపు ఖాతాలకు పన్ను రాయితీ ఇచ్చింది. చేతిలో మిగులు ఉన్నవాడికే ఇవి అక్కరకొస్తాయన్నది వాటిపై ప్రధాన విమర్శ.

నెదర్లాండ్స్

1987లో ప్రభుత్వం నియమించిన డెకర్ కమిటీ ఇటువంటి సంస్కరణనే సూచించింది. అమలుకు దాదాపు ఇరవయ్యేళ్లు పట్టింది. అంతవరకు జనాభాలో సుమారు మూడింట రెండొంతుల మంది ప్రభుత్వ పర్యవేక్షణలోని నిధుల్లో, మిగతావారు చాలామంది ప్రైవేటు బీమాలో ఉండేవారు. 2006 జనవరి 1 నుంచి ఈ విభజన పోయింది. వయోజనులంతా ప్రైవేటు సంస్థల నుంచే బీమా కొనాలి, సంస్థలు ఎవరినీ కాదనకూడదు, పిల్లలకు ప్రీమియం లేదు. ఆదాయాన్ని బట్టి వసూలయ్యే చందా ఒక నిధికి చేరి, రోగుల భారాన్ని బట్టి సంస్థలకు పంపిణీ అవుతుంది.

సంస్థలు ఒకదాన్నొకటి కలుపుకొని, మార్కెట్లో అధిక భాగం నాలుగు పెద్ద సమూహాల చేతికి వచ్చింది. పోటీ పద్ధతి అనుకుంటే ఇది చిన్న విషయం కాదు. ఓటర్లను మాత్రం ఇంతకంటే కలవరపెట్టింది, బీమా చెల్లింపులు మొదలయ్యేలోపు రోగి ఏటా సొంతంగా భరించాల్సిన మొత్తం. 2016 నుంచి అది 385 యూరోలు. 165కు తగ్గిస్తామని 2024లో అధికారంలోకి వచ్చిన సంకీర్ణ ప్రభుత్వం ఒప్పందంలో రాసుకుంది. మరుసటి ఏడాదే ఆ సంకీర్ణం కూలిపోయింది.