తిరగటి రాయి, తాకట్టు: ఒక చారిత్రక పరిశీలన

అప్పిచ్చినవాడు తిరగటిని గాని దాని పైరాతిని గాని తాకట్టు పట్టకూడదని ద్వితీయోపదేశకాండము 24:6 ఆజ్ఞాపిస్తుంది. ఈ వచనం చదివినప్పుడు మన విశ్వాసుల కళ్ల ముందు మెదిలేది మన ఇళ్లలో ఒకప్పుడు ఉండిన తిరగలి. గుండ్రని రెండు రాళ్లు, పైరాతికి కర్రపిడి, నడుమ గింజలు పోసే కన్నం. అయితే ధర్మశాస్త్ర కాలపు ఇశ్రాయేలీయుల ఇంట ఉన్న రాయి ఇది కాదు. ఈ భేదం గ్రహించకపోతే కొన్ని వాక్యభాగాల బరువు మనకు అందదు.

హాసోరు, మెగిద్దో మొదలైన చోట్ల త్రవ్వకాలలో బయటపడినవి పలకవంటి క్రిందిరాయి, దానిపై ముందుకూ వెనుకకూ తోసే చేతిరాయి. మన సన్నికల్లు, పొత్రం వీటికి దగ్గరి పోలిక. గుండ్రంగా తిరిగే రాయి సుమారు క్రీ.పూ. 5వ శతాబ్దంలో స్పెయిన్ ప్రాంతంలో మొదలై, గ్రీకు, రోమా పాలనల కాలంలో పలస్తీనాకు చేరింది. కనుక ఆనాటి స్త్రీ పిండి విసరలేదు, మోకాళ్లూని నూరింది. హెబ్రీ భాషలో పైరాతి పేరు 'రెకెబ్'. 'స్వారీ చేయు' అనే ధాతువు నుండి వచ్చిన మాట అది.

ఈ వెలుగులో మూడు భాగాలు స్పష్టమవుతాయి. నిర్గమకాండము 11:5లో దాసి తిరగటి 'వెనుక' ఉన్నదని హెబ్రీ మూలం చెబుతుంది. రాతి వెనుక మోకరించి నూరే స్త్రీ భంగిమ అదే. న్యాయాధిపతులు 9:53లో తేబేసు స్త్రీ అబీమెలెకు తలమీద పడవేసినది ఇంట్లో రోజూ ఆమె చేతిలో ఆడే రాయే కావచ్చు. ఇక 16:21లో సమ్సోను పశువువలె పెద్ద చక్రాన్ని త్రిప్పినట్లు చిత్రాలలో చూస్తాం. అటువంటి యంత్రం అప్పటికి లేదు. దాసీల పని అతనిచేత చేయించడమే ఫిలిష్తీయులు చేసిన అవమానం.

ఆ పని ఎంత కష్టమో ఎముకలే సాక్ష్యమిస్తున్నాయి. సిరియాలోని అబు హురేరా అనే అతి ప్రాచీన గ్రామంలో దొరికిన అస్థిపంజరాలను పరిశీలించిన థేయా మాల్సన్, కాలివ్రేళ్లు, మోకాళ్లు, నడుము అరిగిపోయిన గుర్తులను 1994లో వివరించారు. అవి ముఖ్యంగా స్త్రీల ఎముకలలో కనబడ్డాయి. గంటల తరబడి మోకరించి నూరడమే దానికి కారణమని ఆమె నిర్ధారించారు.

గింజ విషయం కూడా గమనించాలి. పేదలు తిన్నవి ఎక్కువగా యవలు. 2 రాజులు 7:1 ప్రకారం సన్నని గోధుమపిండి ధరకు దానికి రెండింతల యవలు వచ్చేవి. గింజ నెలల తరబడి నిలువ ఉంటుంది గాని పొట్టుతో, మొలకతో నూరిన పిండి త్వరగా పాడవుతుంది. అందుచేత ఏ పూటకాపూట నూరవలసిందే. చేతిరాయి ఒక్కటి తీసుకుపోతే చాలు, కుండలో యవలున్నా ఆ ఇంట రొట్టె ఉండదు. ధర్మశాస్త్రం పైరాతిని ప్రత్యేకంగా పేర్కొనడానికి కారణం ఇదే. తాకట్టు పెట్టిన వస్త్రాన్ని సూర్యాస్తమయానికి తిరిగి ఇవ్వాలనీ (24:12-13), కూలి ఆనాడే చెల్లించాలనీ (24:14-15) అదే అధ్యాయం ఆజ్ఞాపిస్తుంది. ఏ రోజుకారోజు బ్రతికేవాని ఆ రోజును అప్పిచ్చినవాడు ముట్టకూడదన్నదే ఈ ఆజ్ఞల ఏక సూత్రం.

క్రొత్త నిబంధన కాలానికి రాయి మారింది. మత్తయి 18:6లో గ్రీకు మూలం చెప్పేది గాడిద త్రిప్పే పెద్ద తిరగటి రాయి. రాయి మారినా ఆజ్ఞ వెనుక ఉన్న న్యాయం మారలేదు. తెలుగు బైబిలులోని 'తిరగలి' మాటను మార్చాలని ఇక్కడ వాదించడం లేదు, బోధకుడు వివరించాలన్నదే మనవి. అప్పులవారి వద్ద కుట్టుమిషను, ఆటో, రేషన్ కార్డు కుదువపెట్టిన కుటుంబం మన సంఘంలో ఉంటే, వారి 'పైరాయి' ఎక్కడున్నదో కాపరి ముందుగా అడిగి తెలుసుకోవాలి.