వారమ్ పెర్సీ చర్చి: కట్టడం ఎవరి చరిత్రకు సాక్ష్యం?

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ వోల్డ్స్ అనే సుద్దరాతి కొండల నడుమ, ఒక లోయలో, పైకప్పు లేని చర్చి ఒకటి నిలిచి ఉంది. చుట్టూ ఊరు లేదు. పచ్చిక కింద ఇళ్ల పునాదులు మాత్రం గట్లుగా కనిపిస్తాయి. ఇది వారమ్ పెర్సీ. మోరిస్ బెరెస్‌ఫర్డ్ 1950లో ప్రారంభించి, తరువాత జాన్ హర్స్ట్‌తో కలిసి 1990 దాకా సాగించిన తవ్వకాల వల్ల ఇది పాడుబడిన మధ్యయుగ గ్రామాల అధ్యయనానికి ప్రామాణిక క్షేత్రమైంది.

సెయింట్ మార్టిన్ పేరిట వెలసిన ఈ చర్చి ఒక్కసారిగా కట్టినది కాదు. రాతి కట్టడానికి పూర్వం అక్కడ చిన్న కొయ్య చర్చి ఉండేదని తవ్విన పండితుల అభిప్రాయం. రాతి చర్చి క్రమంగా విస్తరించింది. 12వ శతాబ్దం చివర దక్షిణాన, 13వ శతాబ్దంలో ఉత్తరాన పార్శ్వశాలలు చేర్చారు. ఇందుకోసం జనం నిలిచే నడిమి మండపపు గోడలను తొలిచి, స్తంభాలపై కమానుల వరుసలు నిలిపారు. అనంతరం క్రమం తిరగబడింది. 15, 16 శతాబ్దాలలో పార్శ్వశాలలను కూల్చి, కమానుల ఖాళీలను రాళ్లతో మూసివేశారు. మూతపడిన ఆ కమానుల రూపురేఖలు నేటికీ గోడలో స్పష్టంగా తెలుస్తాయి. 17వ శతాబ్దంలో తూర్పున బలిపీఠం ఉండే చాన్సెల్ కూడా కురచయింది.

ఈ పెరుగుదలను, తరుగుదలను గ్రామ జనాభా రేఖగా చదవడం పరిపాటి. జనం పెరిగితే చర్చి పెరిగింది. 1349 నాటి మహామారి తరువాత జనం తగ్గితే చర్చి కుంచించుకుపోయింది. వినడానికి చక్కగా ఉన్న ఈ వాదం కాలక్రమం ముందు నిలవదు. మహామారితో ఊరు నశించలేదు. ఇంకా సుమారు నూటయాభై ఏళ్లు నిలిచింది. 1500 ప్రాంతంలో భూస్వామి పొలాలను గొర్రెల మేతబీళ్లుగా మార్చినప్పుడు చివరి కుటుంబాలు వెళ్లిపోయాయి. చర్చిలో ఆరాధన మాత్రం 20వ శతాబ్దం దాకా ఆగలేదు. ఊరు లేని చోట చర్చి నాలుగున్నర శతాబ్దాలు ఎలా బతికింది?

సమాధానం పారిష్ అనే వ్యవస్థలో ఉంది. ఈ చర్చి వారమ్ పెర్సీ ఒక్కదానిది కాదు. థిక్సెండేల్, రెయిస్‌థార్ప్, బర్డేల్, టౌథార్ప్ కూడా ఈ పారిష్‌లోనివే. వాటిలోనూ కొన్ని కాలక్రమాన పాడుబడ్డాయి. కనుక గోడలలో కనిపించే సంకోచం ఒక ఊరిది కాదు, అయిదు జనపదాల ఉమ్మడి స్థితి. అదీ జనసంఖ్య ఒక్కటే కాదు. మధ్యయుగ ఇంగ్లండ్ ఆచారం ప్రకారం చాన్సెల్ మరమ్మతు పారిష్ ఆదాయం అనుభవించే రెక్టర్ బాధ్యత. మండపం మరమ్మతు పారిష్ ప్రజలది. ఒకే కప్పు కింద ఇద్దరు యజమానులన్నమాట. చాన్సెల్ కురచ కావడానికీ పార్శ్వశాలలు కూలడానికీ ఒకే కారణం వెతకడం ఈ బాధ్యతల విభజనను విస్మరించడమే. పైగా 16వ శతాబ్దపు మతసంస్కరణ ఉపబలిపీఠాలను తొలగించాక, పార్శ్వశాలలకు ఉన్న పూజావసరమూ చాలావరకు తీరిపోయింది.

థిక్సెండేల్ వాసులకు 1870లో సొంత చర్చి ఏర్పడింది. సెయింట్ మార్టిన్‌ను నిలబెట్టిన జనంలో పెద్ద భాగం అలా విడిపోయింది. 1949లో ఇక్కడ చివరి క్రమారాధన జరిగింది. 1959లో గోపురంలో సగం కూలింది.

ఈ పరిశీలన గోడలతో ఆగదు. చర్చిలోను, దాని శ్మశానంలోను తవ్వి తీసిన 687 అస్థిపంజరాల ఆధారంగా మధ్యయుగ గ్రామీణుల ఎత్తు, ఆయుష్షు, వ్యాధుల గురించి విలువైన పరిశోధన జరిగింది. వాటిని స్థూలంగా ‘వారమ్ పెర్సీ గ్రామస్థులు’ అని వ్యవహరిస్తుంటారు. కాని అది పారిష్ శ్మశానం. అయిదు ఊళ్ల మృతులకూ అక్కడ చోటుంది. ఏ అస్థిపంజరం ఏ ఊరిదో చెప్పే ఫలకాలు ఆ సమాధులపై లేవు.