తాతల నాటి రివాల్వర్‌.. ఏ బోరుదో చూశారా?
బోరు మార్పిస్తే సరిపోదు.. అనుమతి లేకుంటే యావజ్జీవం వరకు శిక్ష

తిరువూరు: ఎన్నికల ప్రకటన వెలువడిన ప్రతిసారీ లైసెన్సుదారులు తమ తుపాకులను పోలీసుస్టేషన్‌లో జమ చేసి రసీదు పుచ్చుకోవడం పరిపాటి. అలా జమ చేసే ఆయుధం స్వాతంత్య్రానికి పూర్వపు ఆంగ్లేయ రివాల్వర్‌ అయిన పక్షంలో దాని యజమాని తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. లైసెన్సు పుస్తకంలో తాత పేరు, తండ్రి పేరు సక్రమంగా ఉన్నంత మాత్రాన సరిపోదు. గొట్టం మీద చెక్కిన బోరు సంఖ్య ఏమిటన్నదే అసలు ప్రశ్న.

తిరువూరు పాత తాలూకా కేంద్రం. 1948 వరకు ఇది మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లాలో భాగం కాగా, కూతవేటు దూరంలోని ఖమ్మం ప్రాంతం నిజాం ఏలుబడిలో ఉండేది. ఈవల 1878 నాటి భారత ఆయుధ చట్టం, ఆవల మరో ప్రభుత్వం. ఆ తరువాత పార్లమెంటు చేసిన 1959 ఆయుధ చట్టం 1962 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చి దేశమంతటికీ ఒకే కొలబద్ద అయింది. దాని నిబంధనలను 2016లో పూర్తిగా తిరగరాశారు. అయినా చేతి తుపాకుల వర్గీకరణలోని కీలక సూత్రం మాత్రం మారలేదు.

సైన్యం తూటా పడితే నిషిద్ధమే

ఆ సూత్రం సరళమైనది. సైన్యం, పోలీసులు వాడే తూటాను ఇముడ్చుకుని పేల్చగల తుపాకి పౌరుని చేతిలో ఉండరాదు. ఆయుధాగారం నుంచి దారిమళ్లిన తూటాలు ఇంటి తుపాకిలో పేలకుండా చూడటమే ఇందులోని ఉద్దేశం. .380, .455 అంచు తూటాలను గానీ, సైనిక 9 ఎంఎం, .45 తూటాలను గానీ పేల్చగల పిస్టళ్లు, రివాల్వర్లు అన్నీ నిషిద్ధ బోరు కిందికే వస్తాయి. వాటికి లైసెన్సు ఇవ్వవలసింది కేంద్ర హోం శాఖ. నిషేధం లేని బోరు ఆయుధాలకు జిల్లా మేజిస్ట్రేటు, కమిషనరేట్‌ ఉన్నచోట పోలీసు కమిషనర్‌ లైసెన్సు అధికారులు. 2022లో జిల్లాల పునర్విభజన తరువాత తిరువూరు ఎన్టీఆర్‌ జిల్లా పోలీసు కమిషనరేట్‌ పరిధిలోకి వచ్చిన సంగతి విదితమే.

చిక్కల్లా పేరున్న పాత రివాల్వర్లు దాదాపు అన్నీ ఈ గీతకు ఆవలనే ఉండటం. బ్రిటిష్‌ సైన్యం 1887లో స్వీకరించిన వెబ్లీ రివాల్వర్‌ది .455 బోరు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1915లో వచ్చిన ఆరో నమూనాదీ అదే బోరు. 1930ల్లో దాని స్థానాన్ని ఆక్రమించిన ఎన్‌ఫీల్డ్‌ది .380. అమెరికన్‌ కోల్ట్‌ 1911ది .45, బ్రౌనింగ్‌ హైపవర్‌ది 9 ఎంఎం. అవి తయారైన నాడు సైనికాధికారి నడుముకు వేలాడాయి గనుకనే నేడు నిషిద్ధమయ్యాయి. అదే వెబ్లీ కంపెనీ .32 బోరులో చేసిన పాత రివాల్వర్లు మాత్రం సాధారణ లైసెన్సుకు అర్హమే.

ఇక్కడ చాలామంది పొరబడుతున్నది 'పేల్చగల' అన్న మాట దగ్గర. ఇంట్లో ఆ తూటా లేదనో, ముప్పై ఏళ్లుగా పేల్చలేదనో చెబితే వర్గం మారదు. ఆయుధం దేనిని పేల్చగలదన్నదే చట్టం చూస్తుంది.

సర్కారే బోరు మార్చిన వైనం

బోరు మార్చి చట్టంలో ఇమిడే ఆయుధం తయారుచేయడం కొత్త ఆలోచన కాదు. ఆ పని ముందుగా చేసింది ప్రభుత్వ కర్మాగారాలే. బెంగాల్‌లోని ఇషాపూర్‌ రైఫిల్‌ ఫ్యాక్టరీ బ్రిటిష్‌ కాలంలో .303 రైఫిళ్లను .410 మస్కెట్లుగా మార్చి కాపలా బలగాలకు అందించింది. విచిత్రమేమిటంటే ఆ .410 మస్కెట్‌ కూడా ఆ తరువాత నిషిద్ధ జాబితాకే ఎక్కింది. .303 పౌరులకు కూడదు గనుక అదే కర్మాగారం లీ ఎన్‌ఫీల్డ్‌ యంత్రాంగంపైనే .315 బోరు వేట రైఫిల్‌ను రూపొందించి లైసెన్సుదారులకు విక్రయించింది. పొలాల్లో అడవిపందుల బెడద ఉన్న పల్లెలకు ఈ .315 పేరు కొత్తేమీ కాదు.

చేతి తుపాకులలో ఆ పాత్ర .32 బోరుకు దక్కింది. కాన్పూరు ఆయుధ కర్మాగారాలు తయారు చేసే .32 రివాల్వర్‌ చూపులకు పాత ఆంగ్లేయ నమూనానే తలపిస్తుంది. 2014లో మహిళల కోసమంటూ తెచ్చిన 'నిర్భీక్‌', 2023లో విడుదలైన 'ప్రబల్‌' రెండూ .32 బోరువే. అన్నిటికంటే ఆసక్తికరమైన ఉదంతం వెబ్లీది. ప్రభుత్వం 1980ల మధ్యకాలంలో పౌరులు విదేశీ తుపాకులు దిగుమతి చేసుకునే వీలును మూసివేయడంతో పాత ఆంగ్లేయ ఆయుధాల ధరలు ఆకాశాన్నంటాయి. కొన్ని దశాబ్దాల తరువాత, 2020లో ఆ కంపెనీయే ఉత్తరప్రదేశ్‌ హర్దోయీ జిల్లా సండీలాలో స్థానిక భాగస్వామితో కలసి రివాల్వర్ల తయారీకి పూనుకుంది. ఎంచుకున్న బోరు .455 కాదు, .32. పేరూ రూపమూ పాతవే. తూటా మాత్రం ఇక్కడి చట్టం చెప్పిన తూటా.

ఇతర దేశాలలో..

ఒక్కో దేశానిది ఒక్కో కొలత. మొదటి ప్రపంచయుద్ధంలో ఓడిన జర్మనీపై విధించిన ఆంక్షల కారణంగా పాత మౌజర్‌ పిస్టళ్ల గొట్టాలను 99 మిల్లీమీటర్లకు కురచ చేశారు. కెనడాలో ఇందుకు పూర్తిగా తలకిందులు. 1995 చట్టం ప్రకారం గొట్టం 105 మిల్లీమీటర్లు గానీ అంతకు తక్కువ గానీ ఉన్న పిస్టల్‌ నిషిద్ధం. అందుచేత అక్కడి సేకర్తలు పాత లూగర్లకు పొడవాటి గొట్టాలు బిగించుకున్నారు. 2022 అక్టోబరు 21 నుంచి ఆ దేశం చేతి తుపాకుల క్రయవిక్రయాలనే స్తంభింపజేసింది. అక్కడ స్థిరపడిన తెలుగువారు గమనించదగిన మరో వింత ఉంది. ఇక్కడ ధారాళంగా లైసెన్సు దొరికే .32 బోరు పిస్టల్‌ అక్కడ నిషిద్ధ వర్గంలో ఉంది. బ్రిటన్‌లో 1997 చట్టం తరువాత గొట్టం 30 సెంటీమీటర్లు, మొత్తం పొడవు 60 సెంటీమీటర్లు ఉంటే తప్ప రివాల్వర్‌కు సాధారణ అనుమతి లేదు. దాంతో పిడికి కడ్డీ తగిలించి, గొట్టం సాగదీసిన వింత రూపాలు పుట్టుకొచ్చాయి.

లేత్‌ షాపుకు తీసుకెళ్తే..

ఈ కథలు విని ఎవరైనా తాత రివాల్వర్‌ను లేత్‌ షాపుకు తీసుకెళ్లే ఆలోచన చేస్తే అది ప్రమాదకరమే. లైసెన్సు లేకుండా తుపాకి మరమ్మతు చేయడం సైతం చట్టంలోని 5వ సెక్షన్‌ ప్రకారం నేరం. గొట్టం కురచ చేయడాన్ని, బొమ్మ తుపాకిని నిజమైన దానిగా మార్చడాన్ని నిషేధించే 6వ సెక్షన్‌కు 2019 డిసెంబరులో వచ్చిన సవరణ మరో అంశాన్ని జోడించింది. ఆయుధ నిబంధనల్లోని ఒక వర్గపు తుపాకిని లైసెన్సు లేకుండా మరో వర్గంలోకి మార్చడమూ ఇప్పుడు నేరమే. నిషిద్ధాన్ని అనుమతించిన దానిగా మార్చినా మినహాయింపు లేదు. శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం వరకు పడవచ్చు. నిషిద్ధ ఆయుధాన్ని అనుమతి లేకుండా ఉంచుకున్నవారికి ఏడు నుంచి పద్నాలుగేళ్లు. బోరుతో పాటు గొట్టం మీది సంఖ్య చెరిపితే 8వ సెక్షన్‌ అదనం. చట్టానికి లోబడాలన్న సదుద్దేశంతో చేసిన పనికీ ఇంత శిక్ష తగునా అన్న ప్రశ్న అసంగతం కాదు. కానీ అక్షరాలు మాత్రం అవే.

'మేకు తీసేశాం, పేలదు' అన్న వాదన కూడా తరచు వినిపించేదే. పురాతన ఆయుధాలకు చట్టంలోని 45(సి) సెక్షన్‌ మినహాయింపు ఇస్తున్న మాట వాస్తవం. అయితే మరమ్మతు చేసినా, చేయకున్నా తుపాకిగా ఉపయోగపడనిదై ఉండాలన్నది అందులోని షరతు. మేకును తిరిగి అమర్చవచ్చు గనుక అది తుపాకే. గోడకు తగిలించి అద్దం బిగించినా తుపాకే. వంశపారంపర్య చిహ్నమైనా, పేల్చగలిగిన పాతకాలపు ఆయుధానికి లైసెన్సు తప్పదు. హైదరాబాద్‌లోని సాలార్‌జంగ్‌ మ్యూజియంలో అద్దాల వెనుక చూసే ఆయుధాలకు, ఇంట్లోని దానికి ఇదే తేడా.

వారసుల సంగతి

2016 నిబంధనల్లోని 25వ నిబంధన ప్రకారం లైసెన్సుదారు మరణానంతరం వారసులు దరఖాస్తు చేసుకోవచ్చు. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం 25 ఏళ్లుగా తన వద్ద ఉన్నా జీవించి ఉండగానే వారసునికి బదలాయించే వీలుంది. 2019 సవరణ ఒక్కొక్కరికి గరిష్ఠంగా ఉండే ఆయుధాలను మూడు నుంచి రెండుకు కుదించింది. వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోనివే. లైసెన్సు కాలపరిమితి మాత్రం మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది.

యజమాని మరణించి లైసెన్సు లేకుండా మిగిలిన ఆయుధాన్ని దాచిపెట్టడం కుటుంబానికే ముప్పు. 21వ సెక్షన్‌ ప్రకారం దానిని జాప్యం లేకుండా సమీప పోలీసుస్టేషన్‌లో గానీ లైసెన్సు ఉన్న డీలర్‌ వద్ద గానీ జమ చేయవలసి ఉంటుంది. నిర్దేశిత గడువులోగా లైసెన్సు పొందితే తిరిగి తీసుకోవచ్చు, అర్హులైనవారికి విక్రయించి ఆ సొమ్ము పొందవచ్చు. గడువు మీరితే ఆయుధం ప్రభుత్వపరమవుతుంది. జమ చేసే నాటి రసీదులో బోరు, తయారీ సంఖ్య స్పష్టంగా రాయించుకోవాలి.