యూదుల చరిత్రము – మన పల్లెలు

గౌతమీ వసిష్ఠల నడుమనున్న కోనసీమ వేదాధ్యయనమునకు ప్రసిద్ధి చెందిన సీమ. సంహితను కంఠస్థము చేసి, పదము, క్రమము, జట, ఘన యను రీతుల నొక్కొక్క మాటను ముందునకును వెనుకకును త్రిప్పి వల్లించి, యొక్క స్వరమైనను జారిపోకుండ కాపాడిన ఘనపాఠులు ఇచ్చటి యగ్రహారములలో తరతరములుగ నుండిరి. రెడ్డిరాజులు పోయిరి, నవాబులు పోయిరి, కుంపిణీవారును పోయిరి. పాఠము మాత్రము చెడలేదు. ఇట్టి పని లోకమున మఱియెవ్వరును చేయలేదని మనవారు గర్వముతో ననుచుందురు. ఆ గర్వము కొంతవఱకు న్యాయమే. కాని యిట్టి పనినే వ్రాతమూలమున మఱియొక జాతి చేసినది. ఆ జాతి స్వరాజ్యమును రెండుమారులు పోగొట్టుకొన్నది. దేవాలయమును రెండుమారులు పోగొట్టుకొన్నది. గ్రంథమును మాత్రము పోగొట్టుకొనలేదు. వారే యూదులు. వారి చరిత్రమును మేమిచ్చట ఎత్తుకొనుట వింత చెప్పుటకు గాదు. వేదము వినరాదని మనము త్రోసివేసిన పల్లెలలోనికి ఆ చరిత్రము వచ్చి రెండు శతాబ్దములు కావచ్చుచున్నది.

యూదుల పూర్వరాజ్యము వట్టి పురాణమని కొట్టివేయుటకు వీలులేదు. ఐగుప్తు రాజైన మెర్నెప్తా క్రీ.పూ. 1208 ప్రాంతమున వేయించిన విజయశాసనమున ఇశ్రాయేలను జనము పేరున్నది; ఆ శిల 1896లో దొరకినది. 1993లో తేల్‌దాన్ అనుచోట బయల్పడిన శాసనమున దావీదు వంశము పేర్కొనబడినది. అయినను దావీదు సొలొమోనుల రాజ్యము గ్రంథమున వర్ణించినంత విశాలమా యనుట నేటికిని పండితులలో వివాదమే. నిశ్చయముగ తెలిసినవి రెండు చిన్న రాజ్యములు: ఉత్తరమున షోమ్రోను రాజధానిగా ఇశ్రాయేలు, దక్షిణమున యెరూషలేము రాజధానిగా యూదా. నైలునది యొద్ది దొరలకును, యూఫ్రటీసు నది యొద్ది దొరలకును నడుమ నివి తిరుగలిరాళ్ల నడుమ గింజలవలె నుండెను. క్రీ.పూ. 722 ప్రాంతమున అష్షూరువారు షోమ్రోనును పట్టుకొని, ప్రజలలో పెక్కండ్రను దూరదేశములకు తరలించి, ఇతరులను తెచ్చి వారి చోట నిలిపిరి. అట్లు చెదరినవారినే ‘తప్పిపోయిన పది గోత్రములు’ అందురు. అందు ఎఫ్రాయిము గోత్రము ముఖ్యమైనది. ఈ పేరు పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక. గుంటూరుసీమలో దీనితో మరల పనిపడును.

యూదా రాజ్యము మఱి నూటముప్పదియేండ్లకు పైగా నిలిచి, క్రీ.పూ. 586లో బబులోను రాజైన నెబుకద్నెజరుచే కూలినది. దేవాలయము కాలినది, రాజు కన్నులు పెఱికి సంకెళ్లు వేసిరి. ఉత్తరపువారు చెఱపోయి పరజనములో చాలవఱకు కలిసిపోయిరి; దక్షిణపువారు కలిసిపోలేదు. ఏల? కాలువలతో నిండిన ఆ పరదేశమున వారికి గుడి లేదు, బలిపీఠము లేదు, రాజు లేడు. మిగిలినది విశ్రాంతిదినము, పెద్దల మాటలు, వ్రాతలు. వానినే కూర్చి, సరిచూచి, చదువుకొనిరి. వారి ధర్మశాస్త్రములో చాలభాగము నేటి రూపము పొందుట ఈ చెఱకాలమునను, దాని తరువాతి కాలమునను జరిగినదని చరిత్రకారులలో పెక్కండ్రు తలచుచున్నారు. క్రీ.పూ. 539లో పారసీక రాజైన కోరెషు బబులోనును జయించి వారిని తిరిగిపోనిచ్చెను. క్రీ.పూ. 515 ప్రాంతమున రెండవ దేవాలయము ముగిసినది.

ఆ పిమ్మట ఎజ్రా యను శాస్త్రి చేసిన పనిని గూర్చి వారి గ్రంథమున నొక వృత్తాంతమున్నది. అతడు ధర్మశాస్త్రమును గుడిలోపల గాక యూరి వాకిటి మైదానమున, కొయ్యపీఠముపై నిలిచి, పురుషులును స్త్రీలును గ్రహింపగల వారెల్లరును వినునట్లు ఉదయమునుండి మధ్యాహ్నమువఱకు చదివెను. సహాయకులు దాని యర్థమును జనమునకు విప్పి చెప్పిరి. దేవాలయము ముగిసిన దినముకంటె ఈ దినమే యా జాతికి గొప్పదని మా యభిప్రాయము. ఈ యెజ్రాయే పరజాతి భార్యలను, వారి బిడ్డలను విడిచిపెట్టుడని కట్టడచేసెను. అది క్రూరము; కప్పిపుచ్చ పనిలేదు. అయినను శాస్త్రము బయలునకు వచ్చినది. వచ్చినది మరల లోపలికి పోలేదు.

తరువాతి కథను త్వరగా చెప్పుదము. గ్రీకురాజులపై మక్కబీయులు క్రీ.పూ. 167లో తిరుగబడి స్వరాజ్యము సంపాదించిరి, క్రీ.పూ. 63లో రోమా సేనాని పాంపే దానిని హరించెను. క్రీ.శ. 70లో రోమావారు రెండవ దేవాలయమును కాల్చిరి. 132 మొదలు 135 వఱకు జరిగిన కడపటి తిరుగుబాటును అణచి, హేడ్రియను చక్రవర్తి ఆ సీమకు యూదయ యను పేరే లేకుండ తీసివేసి సిరియా పాలస్తీనా యని పెట్టించెను. సీమకు పేరు చిన్న విషయము గాదని 2022 మే 24న అమలాపురమును చూచినవారికి వేరుగ చెప్ప నక్కఱలేదు. జిల్లాపేరున అంబేడ్కరు నామము చేరునన్నందుకు మంత్రి యిల్లును శాసనసభ్యుని యిల్లును తగులబెట్టిరి. 1948లో నేర్పడిన ఇజ్రాయేలు రాజ్యమును, దానివలన నిల్లు వాకిలి కోల్పోయిన పాలస్తీనా అరబ్బుల గోడును వేరొక వ్యాసమునకు తగిన విషయములు. ఇందు వానిని కలుపము.

రాజ్యము పోయిన పిమ్మట జాతి యెట్లు నిలిచినది? యెరూషలేము ముట్టడిలో నుండగా యోహనాను బెన్ జక్కాయి యను గురువు యవ్నె యను చిన్నయూర పాఠశాల పెట్టుకొనుటకు రోమావారి యనుమతి పొందెనని వారి పరంపర చెప్పుచున్నది. అంతకుముందే యెహోషువ బెన్ గమ్లా యను ప్రధానయాజకుడు ఊరూర నుపాధ్యాయులను నిలిపి, ఆఱేడేండ్ల బాలురను బడిలో చేర్పవలెనని కట్టడచేసెనని తల్మూదు స్మరించుచున్నది. బాలికల మాట లేదు. ఆ లోపము వారిలో చిరకాలము నిలిచినది. కాని చెప్పులు కుట్టువాని కొడుకునకును అక్షరము చెప్పవలెనను నియమము ఆ కాలమున నెన్ని దేశములలో నున్నది? వ్రాయసకాండ్రు అక్షరములను లెక్కించి ప్రతులు తీసిరి. 1947లో మృతసముద్రపు గుహలలో దొరకిన యెషయా గ్రంథపు చుట్ట అంతవఱకు తెలిసిన హీబ్రూ ప్రతులకంటె వేయేండ్లు పాతది. పోల్చిచూడగా గ్రంథము చాలవఱకు నొక్కటియే.

మన ఘనపాఠుల ధారణ దీనికి తీసిపోదు, మించినదనియు ననవచ్చును. భేద మెచ్చటనన్నచో, వినువారి యందు. వారు శాస్త్రమును మైదానమునకు తెచ్చిరి. మనము వినిన చెవిలో కరగిన సీసము పోయుమన్న ధర్మసూత్రము వ్రాసికొంటిమి. అగ్రహారమునకు కూతవేటు దూరమున నున్న మాలపల్లెకు మన వేదము వేయేండ్లలో చేరలేదు. సముద్రముపై వచ్చిన యూదుల గ్రంథము చేరినది. 1836లో బౌడెను, బీరు అను ఆంగ్లేయులు దేశమునకు వచ్చి, పిమ్మట పాలకొల్లు, నరసాపురములలో నిలిచి గోదావరి డెల్టా మిషనును నడపిరి. నరసాపురమునుండి వసిష్ఠ దాటిన రాజోలు తాలూకాయే. ఐగుప్తులో ఇటుకలు చేసిన దాసుల కథ తెలుగున చదువగా విన్న పాలేరునకు దానికి వ్యాఖ్యానము కావలసి యుండునా? ఆ తాలూకాలోని మామిడికుదురున 1911లో పుట్టిన బోయి భీమన్నగారు ‘పాలేరు’ నాటకమున దొరయింటి పాలేరును చదివించి అధికారిని చేసిరి. అక్షరముపై నాశ యీ నేలలో నంత లోతున నున్నది.

ఇక గుంటూరుసీమ. ఆ ప్రాంతపు మాదిగలలో ననేకులు 19వ శతాబ్దిలో క్రైస్తవులైరి. ఒంగోలు మిషనువారు 1878 జూలై 3న, నొక్కదినముననే, 2,222 మందికి బాప్తిస్మ మిచ్చిరి. చేబ్రోలు వద్ద కొత్తరెడ్డిపాలెమున కొన్ని మాదిగ కుటుంబములు 1980ల చివరనుండి తాము క్రైస్తవులము గామనియు, పూర్వము చెదరిన ఎఫ్రాయిము గోత్రమువారమనియు ప్రకటించి, ‘బెనె ఎఫ్రాయిము’ అను పేరు వహించి, ప్రార్థనామందిరము కట్టుకొనిరి. తమ పూర్వులు పారసీకము, ఉత్తరహిందూస్థానము మీదుగా దిగివచ్చిరందురు. గోమాంసభక్షణము, శవమును పూడ్చుట మున్నగు నాచారములను సాక్ష్యముగ చూపుదురు. ఈ యాచారములు మఱి యనేక జనములకును గలవు. శాసనము గాని పూర్వపు వ్రాత గాని కానరాదు. కావున వంశవిషయమున వారి వాదము నిరూపింపబడలేదని చెప్పక తప్పదు. కాని సూర్యచంద్రవంశములను వల్లించు మన కులపురాణములలో నెన్ని శాసనములకు నిలుచును? వారి వాదమును విని నవ్వినవారు తమ వంశవృక్షమును మొదట తెచ్చి చూపవలెను. ఏ జాతి చరిత్రమున దమ బానిసతనము సిగ్గుగ గాక స్మరణీయముగ వ్రాయబడియున్నదో, ఆ జాతిలో వీరు తాతముత్తాతలను వెదకిరి. ఇంటి పురాణములలో వారికి దొరకిన చోటేదో మనకు తెలిసినదే.

యూదులైన మాత్రమున కులము విడుచునా యన్నచో, మన దేశానుభవము వేఱుగ నున్నది. కొంకణమున గానుగలాడించి, శనివారము గానుగ కట్టనందున ‘శనివారపు తెలికలు’ అనిపించుకొన్న బెనె ఇశ్రాయేలీయులలోనే తెల్లవారు నల్లవారను భేదము పుట్టినది. కొచ్చినిలో 1568లో కట్టిన పరదేశి మందిరమున, విడుదల పొందిన దాసుల సంతతివారిని వెలుపలి గదిలో కూర్చుండబెట్టి, శాస్త్రపఠనమునకు పిలువకుండిరి. ఆ సంతతివాడే యైన న్యాయవాది ఏ.బి. సేలము గాంధీగారి మార్గమున మందిరములోనే సత్యాగ్రహము చేయవలసివచ్చెను. ఎజ్రా మైదానమున చదివిన గ్రంథమునే కొచ్చినిలో మరల గదిలో పెట్టిరి!

మిజోరాము, మణిపురములలోని బెనె మెనష్షేవారిని 2005లో ఇజ్రాయేలు ప్రధానమతగురువు తప్పిపోయిన గోత్రపు సంతతిగ నంగీకరించెను. అయినను వారు విధిపూర్వకముగ మతస్వీకారము చేయవలసియే యున్నది. కొత్తరెడ్డిపాలెమువారికి అట్టి గుర్తింపు రాలేదు. ఆ కుటుంబములలో పెక్కండ్రు పొలముపని చేయు కూలీలు. విశ్రాంతిదినము పాటించినందుకు వారికి వారమున నొకదినము కూలి పోవుచున్నది.